ఊసరవెల్లి ఇంటికొచ్చాక

పెట్టె మూత తీయగానే ఊసరవెల్లి దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఫోన్‌లో చూపించిన ఫొటోలో ఆకుపచ్చ ఒంటి మీద పసుపు, నీలి చారలతో మెరిసిపోయింది ఇదేనా అని కొన్నవాడికి అనుమానం వస్తుంది. వెంటనే అమ్మినవాడికి ఫోన్. "అన్నా, నల్లగైంది. ఏం తింటలేదు." అవతలి నుంచి అందరికీ వచ్చే జవాబు ఒకటే. "రెండు రోజులైతే సెట్ అయితది తమ్మీ, ఫికర్ చెయ్యకు."

రెండు రోజులు పోతాయి, వారం పోతుంది. ఇంట్లో పిల్లలు దాన్ని చేతి మీద ఎక్కించుకుంటారు, భుజం మీద పెట్టుకుని రీల్ తీస్తారు, పక్కింటివాళ్లను పిలిచి చూపిస్తారు. పంజరంలో గిన్నె నిండా నీళ్లున్నాయి, డబ్బా నిండా పురుగులున్నాయి. అయినా దాని కళ్లు గుంటలు పడుతున్నాయి. పదో రోజుకో ఇరవయ్యో రోజుకో కొమ్మ మీద పట్టు జారి కింద పడుతుంది. ఇలా పోయిన వాటిలో పట్టించుకోక చచ్చినవాటి కంటే అతిగా పట్టించుకోవడంతో చచ్చినవే ఎక్కువని నా అనుమానం. కుక్కనో పిల్లినో తెచ్చుకున్నప్పుడు మచ్చిక చేయడం మన పని. ఊసరవెల్లిని తెచ్చుకున్నప్పుడు దాని కంటికి మనం వీలైనంత కనబడకుండా ఉండడమే మన పని. మొదటి నెలంతా ఇదే పాఠం.

మన కంచె మీదిది, దుకాణంలోది

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. భారతదేశం మొత్తానికి సహజంగా ఉన్న ఊసరవెల్లి జాతి ఒక్కటే. దాని శాస్త్రీయ నామం కెమీలియో జైలానికస్. అమ్రాబాద్ అడవి అంచుల్లోనైనా, దేవరకొండ వైపు గుట్టల్లోనైనా తుమ్మ చెట్ల మీద, రేగు పొదల్లో, సీతాఫలం కొమ్మల మీద, చేల కంచెల్లో ఉండేది ఇదే. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత ఉంది గానీ ఎంత ముదిరినా తొండ తొండే. రంగు అదీ మారుస్తుంది, మగతొండ మెడ ఎర్రబడడం అందరం చూసిందే. అనుమానముంటే కాలు చూడాలి. తొండ వేళ్లు విడివిడిగా, సన్నగా ఉంటాయి. ఊసరవెల్లి వేళ్లు రెండు ఒకవైపు, మూడు ఒకవైపు కట్టగట్టినట్టు అతుక్కుని, కొమ్మను పటకారులా బిగించి పడతాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. రెండు కళ్లు రెండు దిక్కులకు తిరుగుతాయి.

మన ఊసరవెల్లిని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దొరికింది కదా, రెండు రోజులుంచుకుని వదిలేద్దాం అన్నా నేరమే. శ్రీశైలం రోడ్డు మీద ఒక్కో అడుగూ ముందుకూ వెనక్కూ ఊగుతూ దాటుతుంటే బండి ఆపి, కర్ర అందించి దాన్ని ఎక్కనిచ్చి, అది వెళ్తున్న వైపే పొద మీద దింపితే చాలు. కరుస్తుందని, విషమని భయపడి రాళ్లు వేసేవాళ్లున్నారు. దానికి విషం లేదు. గాయపడినది కనిపిస్తే అటవీ శాఖవాళ్లకు చెప్పాలి.

దుకాణంలో అమ్మేవి వేరు. ఎక్కువగా యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొండల జాతి వెయిల్డ్ కెమీలియన్, నెత్తిన కిరీటంలాంటి ఎత్తైన ఎముక ఉండేది. తర్వాత మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ కెమీలియన్. ఈ రెండూ అంతర్జాతీయ వ్యాపారంపై నిఘా ఉండే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో మన చట్టాన్ని సవరించాక, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. బ్యాంకాక్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో సరీసృపాలు పట్టుబడ్డాయన్న వార్తలు చెన్నై, ముంబై విమానాశ్రయాల నుంచి తరచూ చదువుతూనే ఉన్నాం. కాగితాలు లేనిది చవగ్గా వస్తుంది. చవగ్గా వచ్చినదాని కడుపులో ఎన్ని పురుగులుంటాయో, ఎన్ని రోజులు నీళ్లు లేక ప్రయాణించి వచ్చిందో ఎవరూ చెప్పరు. చట్టం సంగతి పక్కన పెట్టినా, దాని ఆరోగ్యం కోసమైనా కాగితాలు అడగాలి.

నలుపు ఏం చెబుతుంది

ఊసరవెల్లి పక్కనున్న వస్తువు రంగులోకి మారుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది నిజం కాదు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు పాంథర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసలు కట్టి ఉన్నాయని, ఆ వరుసల మధ్య ఎడం పెరిగితే ఒక రంగు, తగ్గితే ఇంకో రంగు కనిపిస్తుందని చూపించారు. రంగు మార్పు పోటీకొచ్చిన మగదానికి హెచ్చరిక కావచ్చు, ఆడదానికి కబురు కావచ్చు. చలిగా ఉన్న ఉదయం వేడిని పీల్చుకోవడానికి ముదురు రంగు తెచ్చుకుంటుంది. రాత్రి నిద్రలో పాలిపోతుంది. అందుకే పొద్దున పూట కాసేపు ముదురుగా ఉండడం మామూలే. ఎండ పడ్డాక, మధ్యాహ్నం దాకా నల్లగానే ఉంటే మాత్రం అది చలి వల్లో, భయం వల్లో, నొప్పి వల్లో బాధపడుతోందన్నమాట. రీల్‌లో లైకులు తెచ్చే ఆ మెరుపు రంగులు కూడా చాలాసార్లు కోపంతోనో బెదురుతోనో వచ్చినవే.

కాబట్టి మొదటి రెండు వారాలు దాన్ని ముట్టుకోకూడదు. పంజరం గాజుది కాకుండా జాలీది కావాలి, అడ్డంగా కంటే నిలువుగా పొడుగ్గా ఉండాలి. గాజులో గాలి ఆడదు, పైగా తన నీడనే ఇంకో ఊసరవెల్లి అనుకుని రోజంతా దానితో తగువు పెట్టుకుంటుంది. టీవీ పక్కన, నడిచే దారిలో, కూలర్ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. పంజరం మన తలకంటే ఎత్తులో ఉంటే మేలు. పైనుంచి వంగి చూసేవాళ్లందరూ దాని కంటికి గద్దలే. లోపల ఆకుల చాటు దట్టంగా ఉండాలి. మందార మొక్క, మనీప్లాంట్ సరిపోతాయి. వాకిట్లో ఉంది కదా అని గన్నేరు కొమ్మ మాత్రం పెట్టొద్దు, అది విషం. వెయిల్డ్ జాతికి ఆకులు కొరికే అలవాటుంది. ఒక పంజరంలో రెండో ఊసరవెల్లిని పెడదామన్న ఆలోచనే వద్దు. తోడు కోరుకునే జీవి కాదది.

గిన్నెలో నీళ్లు కనిపించవు

దాహం తీరే తీరు చూస్తే తప్ప అర్థం కాదు. పొద్దున్నే ఆకుల మీద నీళ్లు చల్లగానే అది కదలదు. ఒక కన్ను మన వైపు, ఒక కన్ను ఆకు వైపు. చుక్క ఒకటి ఆకు అంచుకు జారి ఆగుతుంది. వెలుగు తగిలి మెరుస్తుంది. అప్పుడు రెండు కళ్లూ దాని మీదికే తిరుగుతాయి, మెడ నెమ్మదిగా ముందుకు వస్తుంది, పెదవి చుక్కకు ఆనుతుంది. ఒక గుటక, కాసేపు ఆగి ఇంకొకటి. ఇలా పది నిమిషాలు తాగే రోజులుంటాయి. మనం రెండుసార్లు స్ప్రే కొట్టి వెళ్లిపోతే తాగడం మొదలయ్యేలోపే ఆకు ఆరిపోతుంది. పాలమూరు ఎండాకాలపు పొడి గాలిలో మరీను.

నిలిచిన నీటిని చాలా ఊసరవెల్లులు నీళ్లుగా గుర్తించవు. గిన్నె పెట్టి ఊరుకుంటే నీళ్ల పక్కనే ఎండిపోతాయి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్టును నీళ్ల సీసాకు తగిలించి, చుక్కలు ఆకుల మీద పడేలా పంజరంపై వేలాడదీయడం చవకైన ఉపాయం. సెలైన్ చుక్కలు మనుషులకే కాదని మహబూబ్‌నగర్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. 2018లో చెదలు పట్టిన అక్కడి పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు సెలైన్ సీసాల వరుస కట్టి మందు ఎక్కించిన ఫొటో దేశమంతా తిరిగింది.

నీళ్లు చాలుతున్నాయో లేదో రెట్ట చెబుతుంది. రెట్టలో ముదురు గోధుమ భాగంతో పాటు తెల్లటి ముద్ద ఒకటి ఉంటుంది, అది దాని మూత్రం. తెల్లగా ఉంటే బాగున్నట్టు. కొస కాస్త పసుపైతే పర్వాలేదు. మొత్తం నారింజ రంగుకు తిరిగితే, దానికి తోడు కళ్లు గుంటలు పడితే నీళ్లు బాగా తక్కువైనట్టు. ఇలాగే వారాలు సాగితే కిడ్నీలు దెబ్బతిని కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. మనుషుల్లో గౌట్ అంటామే, అదే.

అలాగని రోజంతా తడిపి ఉంచకూడదు. వానాకాలంలో గాలి ఆడని తడి గదిలో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నోటి అంచున బుడగలు, మూతి పైకెత్తి ఊపిరి తీయడం, కీచుమనే చప్పుడు దాని గుర్తులు. ఒకసారి తడిపితే మళ్లీ తడిపేలోపు ఆకులు ఆరాలి.

పురుగు ఎక్కడిది?

కొత్తగా వచ్చిన పెద్ద ఊసరవెల్లి మూడు నాలుగు రోజులు తినకపోయినా కంగారు పడక్కర్లేదు, నీళ్లు తాగితే చాలు. పిల్లలకు అంత ఓపిక ఉండదు, వాటికి రోజూ తిండి కావాలి. పెద్దవాటికి రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు. పురుగు సైజు దాని రెండు కళ్ల మధ్య వెడల్పును మించకూడదు. పొద్దున ఒళ్లు వెచ్చబడ్డాకే తిండి పెట్టాలి, చల్లటి కడుపులో తిండి అరగదు. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రి పంజరంలో వదిలేస్తే అవే తిరిగి దాని చర్మం కొరుకుతాయి.

ఊసరవెల్లి నాలుక ఒంటికంటే పొడుగ్గా సాగుతుంది. దాని కొసనున్న జిగురు మనిషి లాలాజలం కంటే 400 రెట్లు చిక్కనిదని 2016లో బెల్జియం, ఫ్రాన్స్ పరిశోధకులు లెక్కగట్టారు. అంత గురి ఉన్న నాలుక పదేపదే తప్పుతుంటే, సగం దూరం వెళ్లి ఆగిపోతుంటే, దెబ్బ తగిలిందో, కాల్షియమో ఎ విటమినో తగ్గిందో అని అనుమానించాలి. ఎ విటమిన్ తగ్గితే కనురెప్పలు వాచి కళ్లు మూతపడతాయి. కన్ను కనిపించకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. పురుగులు కొనడం ఎందుకు, చేనుకెళ్తే మిడతలు కావలసినన్ని అనుకుంటాం. నల్లగొండ, పాలమూరు పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో కొట్టే మందులు తెలియనివేం కాదు. మందు తగిలి మందగించిన మిడతే మన చేతికి సులువుగా దొరుకుతుంది. చేతికి సులువుగా చిక్కిన మిడతను అనుమానించడం మంచిది. మిణుగురులు అసలే వద్దు. అమెరికాలో బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లులు మిణుగురు ఒక్కటి తిన్నా చనిపోయిన ఉదంతాలు 1999లో నమోదయ్యాయి. మల్బరీ సాగుచేసే రైతులు దగ్గరలో ఉంటే చిన్న పట్టుపురుగులు మంచి తిండి. మెత్తగా, నీటి పాలు ఎక్కువగా ఉంటాయి. పుచ్చిన ధాన్యంలో పెరిగే మీల్‌వర్మ్‌లను ఎప్పుడో ఒకసారి పెట్టొచ్చు, రోజూ కాదు.

కీచురాయి ఒక్కటే ఎంతకాలం పెట్టినా ఊసరవెల్లికి చాలదు. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు తీర్చడానికి రెండు పనులున్నాయి. పురుగులకు ముందురోజే మునగాకు, తోటకూర, క్యారెట్ తినిపించడం ఒకటి. పెట్టేముందు కాల్షియం పొడి పట్టీపట్టనట్టు అద్దడం ఇంకొకటి. డి3 కలిసిన పొడి, విటమిన్ పొడి నెలకు రెండుసార్లకు మించొద్దు, ఎక్కువైతే అవీ హాని చేస్తాయి.

ఇది తప్పితే ఏమవుతుందో నల్లగొండవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేశాయో మనం చూశాం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టేంతగా చూశాం. ఊసరవెల్లి ఎముక వంగడానికి కారణం వేరు, కాల్షియం అందకపోవడం. నడిచేటప్పుడు మోచేతులు విల్లులా వంగుతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కొమ్మ పట్టు సడలుతుంది. ఒకసారి వంగాక ఎముక మళ్లీ నిటారు కాదు.

ఉచితంగా దొరికేది, చంపేదీ అదే ఎండ

కాల్షియం కడుపులో పడితే సరిపోదు, ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. అది ఎండలోని అతినీలలోహిత బి కిరణాలతో చర్మంలో తయారవుతుంది. పాంథర్ ఊసరవెల్లుల మీద 2009లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తిండిలో డి విటమిన్ తక్కువైనవి ఎండలోకి ఎక్కువగా వచ్చి కూర్చున్నాయి, సరిపడా అందినవి నీడకు జరిగాయి. తన లోటు దానికే తెలుసు. మనం చేయాల్సింది ఎండ, నీడ రెండూ అందుబాటులో ఉంచడం, అంతే.

చలిదేశాల వాళ్లు వేలు పోసి కొనే ఆ వెలుగు మనకు పొద్దున్నే డాబా మీద ఊరికే దొరుకుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ మాత్రం పనికిరాదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. జాలీ పంజరాన్నే బయటికి తేవాలి. సగం మీద తడి గోనెపట్టా కప్పి నీడ చేసి, పొద్దున ఏడింటికో ఎనిమిదింటికో పావుగంట, ఇరవై నిమిషాలు, మనిషి కాపలాతో. కాకులకు, పిల్లులకు అది తిండే. ఇంట్లోనే పెట్టదలిస్తే యూవీబీ ట్యూబ్‌లైట్ కావాలి, అది వెలుగుతూనే ఉన్నా ఏడాదిలోపు దానిలోని ఆ కిరణాల బలం పడిపోతుంది, మార్చాలి.

ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు తాకే ఊళ్లు మనవి. వెయిల్డ్ జాతికి ఎండకాగే కొమ్మ దగ్గర 30 నుంచి 35 డిగ్రీలు, మిగతా పంజరంలో 24 నుంచి 27 చాలు. రేకుల షెడ్డులో, డాబా కింది గదిలో మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది. నోరు తెరుచుకుని, రంగు పాలిపోయి, కొమ్మ మీద చాచుకుని పడుకుంటే అది వేడి తట్టుకోలేక పడే అవస్థ. వెంటనే నీడకు మార్చి ఆకులు తడపాలి, ఐసు నీళ్లు పోయొద్దు. ఆ నెలల్లో వేడి బల్బు అసలు వెలిగించొద్దు. గోడకు వేలాడే థర్మామీటర్ రెండు వందల రూపాయలకు దొరుకుతుంది, అది లేకుండా ఊసరవెల్లిని కొనొద్దు. చలికాలం రాత్రి గది 18 డిగ్రీలకు దిగితే భయపడక్కర్లేదు, కొండల్లో దానికి ఆ చల్లదనం అలవాటే.

పగలు కళ్లు మూసుకుంటే

రోగాన్ని దాచుకోవడంలో ఊసరవెల్లిని మించిన జీవి లేదు. అడవిలో నీరసంగా కనిపించినది ఎవరికో ఒకరికి ఆహారమవుతుంది. అందుకే బయటికి కనిపించే సమయానికి లోపల ముదిరిపోయి ఉంటుంది. పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చుందంటే రేపు చూద్దాంలే అనుకునే సందర్భం కాదు. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద, కొమ్మతో సహా పెట్టి, బరువు రాసుకుంటే కంటికి కనిపించని తగ్గుదల అంకెల్లో తెలుస్తుంది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సరీసృపాల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ సరదా వద్దనే చెబుతాను.

ఆడదైతే ఇంకో చిక్కు. మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. జానెడు లోతు తడి ఇసుక బకెట్ పంజరంలో ఉండాలి. కొమ్మలు దిగి, నేల మీద తిరుగుతూ, మూలలు గీరుతుంటే చోటు వెతుకుతోందని అర్థం. తవ్వడానికి చోటు దొరక్కపోయినా, తవ్వుతుండగా మనం తొంగి చూసినా గుడ్లు లోపలే ఆపుకుని చచ్చిపోయే ప్రమాదముంది.

డాక్టర్ సంగతి కొనకముందే ఆలోచించాలి. జిల్లాల పశువైద్యశాలల్లో డాక్టర్లకు రోజంతా బర్రెలు, గొర్రెలు, మేకలతోనే సరిపోతుంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం కూడా పశువుల కోసమే. సరీసృపాలు చూసే వైద్యుడు కావాలంటే నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు, హైదరాబాద్ వెళ్లాల్సిందే. ముందు ఫోన్ చేసి, ఊసరవెల్లిని చూస్తారా అని అడిగి బయల్దేరాలి. గాలి రంధ్రాలున్న చిన్న అట్టపెట్టెలో కొమ్మ పెట్టి, చీకటిగా ఉంచి, చల్లటి పూట తీసుకెళ్లాలి. తాజా రెట్టను చిన్న డబ్బాలో తీసుకెళ్తే సూక్ష్మదర్శిని కింద పురుగుల గుడ్లు చూస్తారు. అడవిలో పట్టి తెచ్చినవాటి కడుపులో పురుగులుండడం మామూలే. ఇంట్లో మేకలకు తెచ్చిన నట్టల మందు ఉంది కదా, రెండు చుక్కలు వేద్దాం అనుకోవద్దు. వంద గ్రాముల జీవికి అంచనా మోతాదంటే చావు మోతాదే.

ఇంతా చదివాక, తెచ్చుకున్నది మనవల్ల కాదనిపిస్తే చింత చెట్టు మీద వదిలేస్తే పోలా అనిపిస్తుంది. అలా వదిలితే ఏమవుతుందో హవాయి దీవుల్లో తెలిసింది. 1972లో అక్కడి ఓహు దీవిలో ఒక పెంపుడు జంతువుల దుకాణదారుకు కెన్యా నుంచి జాక్సన్ ఊసరవెల్లులు కొన్ని డజన్లు వచ్చాయి. దారిలో నీళ్లు లేక చిక్కి శల్యమై దిగాయి. కాస్త తేరుకుంటాయి కదా అని ఆయన తన పెరట్లోని చెట్ల మీద వదిలాడు. తేరుకున్నాయి, పెరడు దాటాయి, ఇతర దీవులకూ పాకాయి. మరెక్కడా లేని అరుదైన నత్తలను, పురుగులను అవి తింటున్నాయని హవాయి ప్రభుత్వం ఇప్పటికీ తల పట్టుకుంటోంది. యెమెన్ వెయిల్డ్ జాతి ఫ్లోరిడాలోనూ అలాగే స్థిరపడింది. ఆ యెమెన్ కొండల వేడి మన గుట్టలకూ కొత్త కాదు. కాబట్టి వద్దనుకున్నది చెట్టెక్కకూడదు. పరివేష్‌లో నమోదైన కాగితాలతో సహా పెంచగలిగినవాళ్లకు బదిలీ చేయాలి, అదీ కుదరకపోతే అటవీ శాఖ జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి వాళ్లు చెప్పినట్టు అప్పగించాలి.